కసిమి వాసన

శరత్కాలము కడముట్టుచుండెను. రాత్రియెల్ల కురిసిన మంచు విడిచిపోగా ఉదికి యారవేసిన తెల్లకోరావలె నిర్మలమైన యాకాశమున సముద్రపు దిక్కునుండి లేచుచున్న బాలసూర్యుడు తన లేతకిరణములతో రేవులంక కాలువనీటి చిరుతరంగముల యంచులకు కుంకుమవన్నె దిద్దుచుండెను. కాలువయొడ్డు నిసుకతిన్నెలమీద అద్దకపువారు పరచిన వస్త్రములు కరక్కాయరసము పీల్చి లేతపసుపైనవి కొన్నియు చిరివేరురాగముతో నెర్రనైనవి కొన్నియు నీలికాగున మునిగి వచ్చి వానమబ్బువలె చల్లనైనవి కొన్నియునై ఆ గ్రామము తనకున్న రంగులనెల్ల నేలమీద పరచి ప్రొద్దునకు చూపుచున్నదా యన్నట్లు మెరయుచుండెను. మోకాలిలోతు నీట నిలిచి మగవారు బట్టలను రాళ్లకు మోదుచుండిరి. ఆ మోతకు తోడుగా ఏటేట వినవచ్చు పాట మాత్రము ఆ యేడు వినరాకుండెను. పాడుట యపచారమని గ్రామమున క్రొత్తగా వెలసిన పీఠమునుండి యాజ్ఞ వచ్చి అప్పటికి నాలుగు మాసములు గడచినవి.

బందరుపట్టణమునకు పడవమీద ఒక జాము దూరముననున్న యీ రేవులంకలో నలువది యిండ్లవారును అద్దకపువారే. వారిలో పెద్ద పసల చిదంబరయ్య. ఏబదియైదేండ్ల వయసును రంగునీట నాని నాని పగిలిన చేతులును మితభాషణమును గల యాతనికి గ్రామమున నొక యధికారము కలదు. అది యెవ్వరును పట్టముగట్టి యిచ్చినది కాదు. ఆతని ముక్కునకు గల యధికారము.

బట్టమీద నల్లనిగీత గీయుటకు వారు వాడు ద్రవమును కసిమి యందురు. గుర్రపులాడములు విరిగినమేకులు మొదలగు తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీట వైచి మట్టికుండలో మూడువారములు ఊరబెట్టినచో నది పుట్టును. చూచుటకు మురికినీరువలె నుండును. ఉత్తబట్టమీద పోసినచో కొంచెము గోధుమవన్నె మరకయై యూరకుండును. కరక్కాయపాలలో తడిపి యారవేసిన బట్టమీద పోసినచో రెప్పపాటులో కాటుకవలె నల్లనగును. ఉదికినను పోదు. ఎండకు వెలియదు. ఈ మర్మము రేవులంకలో నడకనేర్చిన ప్రతిశిశువునకును తెలియును. అయినను కుండలోని నీరు పండినదో లేదో నిర్ణయించుట మాత్రము సులభము కాదు. పండనిది పాలిపోవును. పండుట మించినది నూలును కొరికివేయును. వాసనయొక్కటియే గురుతు. కావున ప్రతియింటివారును తమ కుండను చిదంబరయ్య వాకిట దింపి యాతడు మూతదీసి యొక్కమారు ఊపిరి పీల్చి “పండింది” అని పలికిన పిదపగాని కలము ముంచెడివారు కారు. ఆ మాటకు నలువది యిండ్లలో నెదురుమాట లేదు.

ఆతని యేకపుత్రిక నీలవేణి ఏడవయేటనే తండ్రి మోకాళ్లనడుమ గూర్చుండి ఆ విద్య నేర్చుకొనెను.

“ఏం వాసనొస్తోందే?”

“పుల్లగా ఉంది నాన్నా. వెనకాల ఇనపగొలుసు నాకినట్టుంది.”

“గొలుసు నాకి చూశావేంటే దొంగముండా!” అని యాతడు నవ్వెడివాడు. అయినను కూతురి మాట తన మాటతో సరిపోయిన దినమున ఆతని కన్నులలో నొక వెలుగు కానవచ్చెడిది. వాసన యెట్లున్నదో చెప్పినను తండ్రి తీర్పు పలుకకముందు తాను పలుకుట మర్యాద కాదని యామె యెరుగును. తన మాటను నోటనే యుంచుకొని తండ్రిమోము చూచి ఆతడు పండినదన్న పిదప తానును పండినదనెడిది. ఆ చిన్ననాటి వినయమునకు గ్రామమంతయు ముచ్చటపడెను.

నిరుటి వేసవిలో వాంతిభేదులతో మనుష్యులను కూల్చు విషూచి వచ్చినది. పందొమ్మిదిదినములలో పందొమ్మిది శవములు లేచినవి. వానిలో నొకటి చిదంబరయ్య భార్య అచ్చమాంబది. తెల్లవారి నీలికాగు కలిపిన మనిషి ప్రొద్దుగ్రుంకులోపల బూడిదయయ్యెను. చచ్చినవారికొరకు నేడ్చుటకంటె తరువాత నెవరో యని వణకుట యెక్కువైన యా దినములలో కాషాయాంబరధారియై చేత కమండలము దాల్చి పూర్ణాభయయతి యను సన్న్యాసి ఇద్దరు శిష్యులతో పడవదిగెను. దీర్ఘకాయుడు. మృదుభాషి. ఎదుటివాని భయమును వానికంటె ముందుగా నుచ్చరింపగల నేర్పరి. పూసినపూతవలె నుండు ఆ మందహాసము ఎన్నడును చెదరునది కాదు. చావుపడిన యింట నితరులు కాలుపెట్ట జంకినవేళ ఆయన లోనికిబోయి శవము ప్రక్కన గూర్చుండెను. ఆ దినములలో నాయన చేసినది మేలనియే చెప్పవలయును. పిమ్మట వానలు కురిసినవి. కాలువ నిండి పారినది. వ్యాధి వచ్చినట్లే పోయినది. పోగొట్టినవాడు యతియని గ్రామము విశ్వసించినది. కాలువ మలుపునున్న ఉప్పుకొట్టము పాడుపడియుండగా దానినే బాగుచేసి పీఠముగా నొసంగినది.

ఒకనాడు యతి చిదంబరయ్యను పిలిపించి “నాయనా! అభయవస్త్రముల కొరకు కోరాబట్టను కరక్కాయపాలలో తడిపి యారవేసి తెమ్ము. దానిమీద గీతయు నచ్చును వలదు. నీ హస్తమున కాక యితరుల హస్తమున నీ పని జరుగరాదు” అని యానతిచ్చెను. అచ్చులేని బట్టకు కరక్కాయ యెందులకు? అద్దకపు పనిలో నొక్కనాడు గడపినవానికైనను కలుగవలసిన సందేహమిది. చిదంబరయ్యకును కలిగినది. భార్యను గోల్పోయిన హృదయమునకు పని దొరకిన సంతోషమున నది యడగిపోయినది. ఆతడు నెలదినములు శ్రమించి రెండువందల వస్త్రఖండములు సిద్ధముచేసి తలమీద మోసికొనిపోయెను. వానిని దండచేతులకు కట్టుకొన్నవారిని మృత్యువు తాకదని యతి ప్రకటించెను. ఆ రాత్రి రేవులంక యెంతోకాలమునకు కంటినిండ నిదురించినది.

తరువాత నియమములు వచ్చినవి. తొలుత కార్తికమున మాంసము మానుడనిరి. అది మంచిదే కదా యని మానిరి. పిదప పాట మానుడనిరి. గురువారమున మనసులోని దోషములను యతిచెవిలో చెప్పవలయుననిరి. ఎవరింట నెవరేమి యనుకొన్నదియు నా చెవిని చేరెను. పీఠానుమతి లేక కాలువ దాటరాదనిరి. ఔషధము పుచ్చుకొనుట యభయమును శంకించుటయే గాన వైద్యుని పిలువరాదనిరి. ఒక్కొక్క నియమమును వెనుకటిదానికంటె ఒక్క జానెడు మాత్రమే ముందునకు జరిగినది. జానెడు జానెడుగా నెంతదూరము వచ్చితిమో వెనుదిరిగి చూచినవారు లేరు.

ప్రతిపూర్ణిమనాటి యుదయమున శుద్ధిపరీక్ష జరుగుచుండెను. యతి పేరుపెట్టి పిలిచినవారు పీఠమున నిలిచి దండనున్న వస్త్రమును విప్పి పళ్లెరమున నుంతురు. శిష్యుడు ఒక్కొక్కరికి వేరువేరుగా తెరవెనుకనుండి తీర్థము దెచ్చి దానిమీద పోయును. వస్త్రము వన్నెమారనిచో వాడు శుద్ధుడు. నల్లబడినచో లోపల నొకపాపము దాగియున్నది. వాడు పీఠముననే యుండి నలువదిదినములు దీక్ష పట్టవలయును. పట్టుమని యతి యెన్నడును శాసింపలేదు. “నీ యిష్టముతోనేనా?” అని మూడుమారులు అడుగుచుండెను. మూడుమారులును ఔనన్నవానినే గ్రహించుచుండెను. పోదలచినవారికి ద్వారము తెరచియున్నదని చెప్పుచుండెను. నిజమే. ఆ ద్వారమునకు గడియ లేదు.

ఈ వ్యవహారమంతయు చూచి నవ్వినవాడు గ్రామమున నొక్కడే. నీలవేణి భర్త కోటిలింగము. కలము పట్టినచో చిలుకలకు రెక్కలు విప్పగల చేతివాడు గాని నోరు కట్టుకొనలేనివాడు. అనుమతి లేక బందరు పోయివచ్చెనని వానిని గ్రామమునుండి వెడలింప తీర్పు వచ్చినపుడు రేవునకు సాగనంపవచ్చిన మామతో వాడు పడవలో నిలిచి యిట్లనియెను.

“తల వంచావు, సరే. ముక్కు కూడా మూసుకోవాలా మావయ్యా?”

“నోరు ముయ్యరా! ఆలుబిడ్డలున్నవాడివి.”

“అందుకే అడుగుతున్నా. నన్ను పంపేశారు, బాగుంది. వాళ్లని నీకు ఒప్పజెప్పి పోతున్నా. జాగర్త.”

పడవ సాగిపోయెను. నీలవేణి నాలుగేండ్ల కూతురు మాణిక్యముతో తండ్రియింట నిలిచెను. మాణిక్యము తాతను వదలని పిల్ల. ఆతడు కలము పట్టి కూర్చున్నచో గౌనుచెరగు ముందుకు చాచి “తాతా, సిలక” అనెడిది. పాత చెరగులన్నిటిమీదను చిలుకలే.

ఆ శరత్ప్రాతఃకాలమున చిదంబరయ్య నీటిలో నిలిచి బట్ట జాడించుచుండగా నీలవేణి జడ విడిపోయిన తలతో నిసుకమీద పరచిన బట్టలను త్రొక్కుచు పరుగెత్తివచ్చెను. ఆరవేసిన బట్టను త్రొక్కుట యద్దకపువారింట పుట్టినవారెవ్వరును చేయని పని. అది చూచినంతనే యాతడు బట్ట వదలి యొడ్డునకు వచ్చెను.

“నాన్నా, మాణిక్యానికి గొంతులో తెల్లగా పొర కట్టింది. ఊపిరి తీస్తే ఈలేస్తోంది. పడవ కట్టించు. బందరు పోదాం, దస్తగిరి హకీము దగ్గరికి.”

“స్వామివారిని అడక్కుండా కాలవ దాటకూడదు కదమ్మా.”

“అయితే అడుగు. ఇప్పుడే అడుగు. పౌర్ణమి దాకా ఆగుతుందా అది?”

“ఇవాళే పౌర్ణమి తల్లీ.”

ఆ మాట ఆతడు ధైర్యముతోనే యనెను. ఇంటికిపోయి పిల్లను భుజమున వైచుకొని కూతుని వెంటబెట్టుకొని పీఠమునకు నడచెను. దారిలో రేవు తగిలినది. పడవ యొడ్డుననే కట్టియున్నది. తెడ్డు దానిలోనే యున్నది. పడవను చూచుచునే యాతడు దాటిపోయెను.

పీఠమున గ్రామమంతయు కూడియుండెను. యతి సర్వమును విని కనులు మూసి తెరచి వాత్సల్యము జాలువారు కంఠముతో నిట్లు పలికెను.

“బిడ్డా! ద్వారము తెరచియే యున్నది. నిన్నెవ్వరును పట్టి నిలుపరు. నీవు కాలువ దాటి వైద్యునిజేరవచ్చును. కాని నీవు గడపదాటిన క్షణమున ఈ నలువది యిండ్లవారి దండలయందలి యభయము తెగును. మరల మహామారి వచ్చినచో నా ప్రాణములు నీ తలకు చుట్టుకొనును. ఇది శాపము కాదు. ఉన్నమాట చెప్పుచున్నాను. నిలిచెదవో పోయెదవో నీ యిష్టము.”

జనము కదలినది. కోడలిని విషూచికి బలియిచ్చిన సూరాంబ ముందువరుసనుండి మెడ సాచి యనెను. “ఏమే నీలా, మీ ఆయన ఎకసెక్కాలు నీకూ అంటుకున్నాయా? ఊరందరి ప్రాణాల కన్నా నీ పడవ షికారు ఎక్కువా?”

“షికారు కాదత్తా. పిల్లకి ఊపిరాడ్డం లేదు.”

“మా ఇంట్లోనూ ఆడలేదు, పోయారు. అప్పుడు నీకు గుర్తొచ్చాడా ఆ హకీము?”

యతి చేయెత్తి వారించి నీలవేణి వస్త్రమును పరీక్షింపుడనెను. ఆమె దండనుండి విప్పి పళ్లెరమున నుంచెను. శిష్యుడు తెరవెనుకకుబోయి తీర్థము దెచ్చెను. తులసీదళములు తేలుచుండెను. పచ్చకర్పూరము ఘుమఘుమలాడుచుండెను. ధార పడినది. లేతపసుపు వస్త్రము మసకబారినది. పొగచూరినది. చూచుచుండగనే కాటుకయైనది. నలుదిక్కుల “అయ్యో” యన్న ధ్వని లేచినది.

ఆ క్షణమున చిదంబరయ్య ముక్కు తన పని తాను చేసెను.

కర్పూరము క్రింద తులసి. తులసి క్రింద పులుపు. పులుపు వెనుక ఇనుము. ఆ యినుము వెనుక చచ్చిన బెల్లపు తీపి. ముప్పదియైదేండ్లు ఎవ్వరి మాటయు వినక తన తీర్పు తాను చెప్పిన యా యింద్రియము ఆనాడును తీర్పు చెప్పినది. పండినది. ఇరువది రెండుదినముల కసిమి. ఆతడు వినెను. విని దేవుని తీర్థమునకు కుండవాసన యంటగట్టుటకంటె పాపమున్నదా యని తన్ను తానే గద్దించుకొనెను. ఇది కసిమియైనచో ఆ రెండువందల వస్త్రములును ఉత్త బట్టపేలికలే. ఇది కసిమియైనచో రేపు విషూచి వచ్చిననాడు ఈ పిల్లకును తనకును నడుమ అడ్డమేమియు లేదు. ఆ శూన్యమును చూడజాలక యాతడు తన ముక్కునే యనుమానించెను.

“నీ యిష్టముతోనే దీక్ష పట్టెదవా?” అని యతి మొదటిమారు అడిగెను.

నీలవేణి తలయెత్తెను. ఆమె తండ్రివైపు చూచెను. ఏడవయేట కుండముందు గూర్చుండి మాటను నోటనే యుంచుకొని చూచిన చూపు అది. ఆతడు గుర్తింపలేదు. భయపడినదనుకొనెను.

“ఒప్పుకో తల్లీ,” అనెను.

“ఇష్టమే,” అని యామె మూడుమారులును చెప్పెను. మూడవమారు చెప్పునప్పటికి ఆ కంఠమున నేమియు మిగిలియుండలేదు.

మూడవనాటి మధ్యాహ్నమున మాణిక్యము తల్లియొడిలోనే పోయినది. తీర్థము తప్ప ఆ గొంతున నేమియు పడలేదు. యతి కన్నీరు పెట్టెను. నిజముగనే పెట్టెను. పెట్టి “తల్లి సమ్మతి సంపూర్ణము కాలేదు. మూడుమారులు పలికినది పెదవి. మనస్సు పడవలోనే యుండెను” అని సెలవిచ్చెను. నీలవేణి తలవంచుకొని వినెను. తానే బిడ్డను చంపుకొంటినని యామె నమ్మినట్లు గ్రామము నమ్మినది. ఆమె నలువదిదినముల దీక్షను యావజ్జీవమునకు మార్చుకొనెనని వార్త వచ్చినది. అదియు మూడుమారులు అడిగియే.

కాలువయవతలనున్న బిడ్డతండ్రికి కబురు మట్టిచేసిన మరునాడుగాని చేరలేదు. కోటిలింగము ఆవలిరేవున రెండుదినములు నిలిచెను. వానిని దాటింప పడవ పోలేదు.

చిదంబరయ్య నెలదినములు మాటలేక పనిచేసెను. అందరును అది వైరాగ్యమనిరి. తరువాతి పూర్ణిమకు మూడుదినముల ముందు సూరాంబ తన కసిమికుండను తెచ్చి వాకిట దింపెను.

“చూసి చెప్పు బావా. నా లెక్క ప్రకారం పండుండాలి.”

ఆతడు మూతదీసి వంగెను. ఊపిరి పీల్చెను. వంగినవాడు వంగినట్లే యుండిపోయెను. కర్పూరమును తులసియు లేని ఆ వాసన ఏ మరుగును లేక నేరుగ వచ్చి యాతని గుండెను తాకెను. పళ్లెరము కనబడినది. నల్లబడుచున్న వస్త్రము కనబడినది. దాని కవతల కూతురి చూపు కనబడినది. ఆ చూపున నున్నది భయము కాదని యప్పుడు తెలిసినది. అది ప్రశ్న.

“ఏం బావా, పండిందా లేదా?”

ఆతడు తలయెత్తి యామెను చూచి “నీకేం వాసనొస్తోంది సూరాంబా?” అని యడిగెను.

“నన్నడుగుతావేంటి? నీ ముక్కుండగా నా ముక్కెందుకు?” అని యామె నవ్వబోయి ఆతని ముఖము చూచి నవ్వు మానుకొనెను. తరువాత వంగి కుండను తానే యెత్తుకొని వెడలిపోయెను. ఆ పోవుటలో నేదో తొందర కలదు. చిదంబరయ్య దానిని కనిపెట్టెను.

పూర్ణిమనాడు ప్రొద్దెక్కిన పిదప గ్రామమంతయు పీఠమున కూడియుండగా ఆతడు చంకన నొక కరక్కాయబట్టయు చేత వెదురుకలమును బట్టుకొని వచ్చెను. ఎవ్వరితోను మాటాడక తిన్నగ నడచి తెరను తొలగించి లోనికి పోయెను. శిష్యులు తేరుకొనకముందే వెలుపలికి వచ్చెను. ఆతని చేతులలో మెడవిరిగిన మట్టికుండ యొకటి యుండెను. కుండయడుగున గుర్రపులాడము గలగలలాడెను. ఆ కుండ రేవులంకలో కాల్చిన కుండయే. అది యెవరింటినుండి వచ్చినదో ఆనాడును ఆ తరువాతను ఎవ్వరును అడుగలేదు.

“చిదంబరయ్యా!” అని సూరాంబ కేకవేసెను. “మనవరాలు పోయిన దుఃఖంలో ఏదో చేస్తున్నావు. కూచో బావా, నీకు దణ్ణం పెడతా!”

ఆతడు కూర్చుండెను. జనమునడుమ నేలమీద బట్ట పరచి కూర్చుండెను. కలము కుండలో ముంచి యొక గీత గీచెను. గీత తొలుత కనబడలేదు. తడియైన చోటు మాత్రము మెరిసినది. ఇంకొక గీత గీచెను. ముక్కు. మెడ. రెక్క. మొదటిగీత మసకబారి పొగచూరి నల్లనైనది. దానివెంట రెండవది. తెల్లని వెలుగులో అందరి కన్నులయెదుట ఒక చిలుక పుట్టినది. నాలుగేండ్లపిల్ల చెరగుమీద పట్టునంత చిలుక.

ఆశ్చర్యధ్వని యొక్కటియు లేవలేదు. ఆ మౌనమునకు గల యర్థము చిదంబరయ్యకు మెల్లమెల్లగ తెలిసినది. ఆతడు తలయెత్తి ఒక్కొక్కముఖమే చూచెను. ఒక్కొక్కతలయే వంగెను. నలువది యిండ్లవారు. నలువది యిండ్లయందును కసిమికుండలు. మర్మము విప్పి చూపుటకు వచ్చినవానికి అక్కడ మర్మమే లేకుండెను. అందరికిని వాసన వచ్చినది. పెద్ద ముక్కు పలుకలేదు గావున ప్రతివాడును తన ముక్కు తప్పనుకొని యూరకుండెను.

యతి మాత్రము చలింపలేదు. “నాయనా! దుఃఖము నిన్ను మాటాడించుచున్నది. ద్రవ్యము ఏదైననేమి? దైవము దానిద్వారా పలుకును. నేనెవ్వరిని బలవంతపెట్టితిని? ప్రతివానిని మూడుమారులు అడిగితిని. ద్వారము తెరచియే యుంచితిని.”

“ఉంచావు స్వామీ,” అని చిదంబరయ్య లేచెను. “తలుపు తీసే ఉంచావు. గడప మీద మా పిల్లల ప్రాణాలు పేర్చి, దాటి పొమ్మన్నావు. నువ్వు అడిగావు, నిజమే. ఔననమన్నది నేను. నీ బట్ట చేసిందీ నేనే. నీతో నాకు పోట్లాట లేదు.”

ఆతడు దీక్షాపరులైన స్త్రీలు నిలిచినవైపు తిరిగెను. వారినడుమ నీలవేణి నల్లబడిన వస్త్రము దండనుండగా చీపురు చేతబట్టి నిలిచియుండెను. నెలదినములలో పదియేండ్లు మీదపడిన ముఖము.

“నీలా, రా అమ్మా. నీ తప్పేం లేదు. మనసూ కాదు, పాపమూ కాదు. చూడు, ఇది కసిమి.”

“తెలుసు నాన్నా.”

ఆమె గొంతు పెద్దది కాదు. అయినను చివరివరుసవరకు వినబడినది.

“ఆ రోజే తెలుసు. పళ్లెంలో పోస్తుండగానే తెలిసింది. నీకేసి చూశాను. నీకు రాని వాసన నాకొస్తుందా అనుకున్నాను. నువ్వు ఒప్పుకోమన్నావు.”

చిదంబరయ్య చేతిలోని కలమును క్రింద నుంచెను.

నీలవేణి చీపురు గోడకు చేర్చి దండనున్న వస్త్రమును విప్పి నేలమీది చిలుకప్రక్కన నుంచెను. తండ్రిని తాకకుండ ఆతని ప్రక్కనుండియే నడచి ద్వారము దాటిపోయెను. ఎవ్వరును పట్టి నిలుపలేదు. ఆకాశము విరుగలేదు. కాలువ పారుచునే యుండెను. గడప దాటుట యంత సులభమని అప్పుడు చూచినవారిలో కొందరు దండలు తడుముకొనిరి. కొందరు వస్త్రములు విప్పిరి. మరికొందరు ముడి యింకను బిగించుకొనిరి. సూరాంబ నేలమీద గూలబడి చచ్చిన కోడలి పేరుపెట్టి తొలిమారుగా నోరార నేడ్చెను.

యతి మరి రెండుమాసములు అచ్చటనే యుండెను. వినువారు తగ్గినకొలది ఆ మందహాసము మరింత మృదువయ్యెను. పిదప నొకనాటి యుదయమున పడవయెక్కి సాగిపోయెను. ఎనిమిది కుటుంబములవారు ఆయన వెంబడి పోయిరి. ఏ రేవున నే వ్యాధికి వెనుక ఆయన మరల దిగెనో రేవులంకకు తెలియదు.

కోటిలింగము మరలి వచ్చెను. వాడు మామను ఒక్కమాటయు అనలేదు. అనినచో బాగుండునని చిదంబరయ్యకు తోచుచుండెను. ఒప్పజెప్పి పోయినదానిని తిరిగి యడుగని ఆ మౌనము మోయరానిదై యుండెను. ఆలుమగలు ఆ గ్రామముననే వేరొకయింట పనిచేసికొనుచుండిరి. కాలువనీరు వారికి జీవనాధారము. ఎక్కడికి పోగలరు?

అద్దకము సాగినది. ఏడాది తిరిగినది. ఇసుకతిన్నెలమీద మరల పసుపును ఎరుపును నీలమును పరచుకొన్నవి. నీటిలో నిలిచిన వారు మరల పాడుచుండిరి. కుండలు మాత్రము ఇప్పుడు చిదంబరయ్య తీర్పుకొరకు రావు. వచ్చినను ఆతడు చెప్పడు. కుండ తెచ్చినవానినే వంగుమని ముక్కు పెట్టించి “నీకేం వాసనొస్తోంది?” అని యడుగును. పసిపిల్లలున్నచో ముందుగా వారిని అడుగును. వారు పలుకువరకు తాను కనులు వాల్చుకొని యుండును. తన ముఖమున నెవ్వరును బదులు వెదకకుండునట్లు ఆతడంత జాగ్రత్తపడుచుండెను.

మూడువారములకొకమారు నీలవేణి కుండతో తండ్రి వాకిటికి వచ్చును. ఎందులకు వచ్చునో యామెయు చెప్పదు. ఆతడును అడుగడు. ఆతడు అరుగుదిగి కుండ నందుకొని మూతదీసి రెండుచేతులతో పట్టుకొని నిలుచును. ఆమె వంగును. నుదుటిముంగురులు కుండయంచును తాకును. ఆతని ముక్కునకు అప్పటికే తెలియును. పులుపు వెనుక ఇనుము. ఇనుము వెనుక తీపి. ఆతడు దానిని నోటనే యుంచుకొని కూతుని ముఖము చూచుచు వేచియుండును.

“పండింది,” అని యామె యనును.

ఆతడు మూతవైచి కుండ నామెచేతికిచ్చును. ఆ యొక్కమాట తప్ప వారి నడుమ వేరొక మాట మిగిలియుండలేదు.